చైనాకు ప్రపంచ బ్యాంకు అప్పును చట్టంతో ఆపొచ్చా?

ఎడమకాలువ రైతు:
చైనా తానే దేశదేశాలకు అప్పులిస్తోంది. దానికి మళ్లీ ప్రపంచ బ్యాంకు అప్పెందుకు? బ్యాంకు బోర్డులో తమ ప్రతినిధి ఆ అప్పులకు అడ్డంగా ఓటెయ్యాలంటూ అమెరికా కాంగ్రెస్‌లో బిల్లులు పెడుతున్నారు. నాకు సబబే అనిపిస్తోంది. గెట్టు పంచాయితీ నడుస్తున్న పాలోడికి ఎవరైనా చేబదులిస్తారా?

పాలమూరు పిల్లగాడు:
అన్నా, అది చేబదులు కాదు, సొసైటీ అప్పు. అందులో అమెరికా ఓటు 16 శాతం దరిదాపు. అప్పు పాస్ కావడానికి సగం దాటితే చాలు. 2019 డిసెంబరులో చైనాకు ఏటా 100 నుంచి 150 కోట్ల డాలర్లిచ్చే ప్రణాళిక బోర్డు ముందుకొచ్చింది. అమెరికా వద్దన్నా అది ఆగలేదు. చట్టం కట్టేసేది సొంత ప్రతినిధి చేతినే.

దేవరకొండ మాస్టారు:
ఒక్క ఓటుతో ఆగదు, నిజమే. నలుగురు కలిస్తే ఆగుతుంది బాబూ. 1998లో పోఖ్రాన్ అణుపరీక్షల తర్వాత, మనకిచ్చే అప్పులకు అడ్డు చెప్పాలనే అమెరికా చట్టమే మన మీద పడింది. జీ-7 అనే సంపన్న దేశాల కూటమిలోని మిగతా దేశాలూ తోడవడంతో మనకు రావాల్సిన ప్రపంచ బ్యాంకు అప్పులు కొన్నాళ్లు పెండింగులో పడ్డాయి. ప్రజల కనీస అవసరాలకిచ్చే వాటిని మాత్రం ఆ చట్టం వదిలేసింది. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్‌తో కాళ్లు వంకరపోయిన పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి, ఆ మినహాయింపు విలువ నాకు తెలుసు. చైనా మీద రాసే చట్టంలోనైనా అది ఉండాలి.

ఎడమకాలువ రైతు:
సార్, మరి 2025 మేలో పాకిస్తాన్‌కు ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) అప్పిచ్చేటప్పుడు మనమూ అభ్యంతరం చెప్పి ఓటింగుకు దూరంగా ఉన్నాం కదా?

పాలమూరు పిల్లగాడు:
ఉన్నాం. డబ్బు మాత్రం పోనే పోయింది!

మిర్యాలగూడ చివరి మడి:
దేశం పేరు చూసి కాదు, పని చూసి ఆపాలి. చైనాలోని చింగ్‌హైలో సుమారు 58 వేల మందిని టిబెటన్లుండే చోటికి తరలించే ప్రాజెక్టు ఒకటుండేది. బ్యాంకు సొంత తనిఖీ ప్యానెల్ తప్పులు పట్టింది. 2000లో చైనాయే ఆ అప్పు వద్దనుకుంది. ఏ కాంగ్రెస్ బిల్లూ ఆ తనిఖీకి సాటిరాదు.

మన సాగర్ కాలువల ఆధునికీకరణా ప్రపంచ బ్యాంకు అప్పుతోనే అయింది. మా పిల్లకాలువకు వేసిన సిమెంటు రెండేళ్లకే పగిలి, సందులో తుంగ మొలిచింది. చూడ్డానికొచ్చిన సార్లు గట్టు మీద ఫొటో దిగి, జీపెక్కి వెళ్లారు. కిందికి దిగి పగులులో వేలు పెట్టినోడు లేడు. ఆ వేలు పెట్టాలన్న షరతు ముందు రాయమనండి, చైనాకైనా మనకైనా.