కంప్యూటర్ సైన్సు సీటు వచ్చింది, మనసేమో రాతి శాసనాల మీద ఉంది. ఏం చేయమంటారు?

పానగల్లు దారి:

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ పక్కన పల్లె. కౌన్సెలింగులో హైదరాబాదు శివార్లలోని ఒక కాలేజీలో కంప్యూటర్ సైన్సు సీటు వచ్చింది. శనివారంలోపు ఫీజు కట్టాలి. నాకు మాత్రం నల్లగొండలోనే బీఏ చరిత్రలో చేరి, శాసనాలు చదివే పనిలోకి వెళ్లాలని ఉంది. డిగ్రీ సీట్ల కోసం ఆన్‌లైన్‌లో నమోదు చేసుకునే దోస్త్‌లో పేరు ఇచ్చాను కానీ ఇంట్లో చెప్పలేదు.

ఎనిమిదో తరగతిలో మమ్మల్ని పానగల్లు తీసుకెళ్లారు. అందరూ ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద కదలకుండా నిలిచే నీడను చూడటానికి ఎగబడుతుంటే, నేను ఒక శాసనం రాయి దగ్గర ఆగిపోయాను. పైన సూర్యుడు, చంద్రుడు, కింద గుండ్రటి అక్షరాలు. వాటిలో ‘ర’ ఒక్కటి గుర్తుపట్టాను. కాకతీయుల కాలం నాటి చేతిరాతలో ఒక అక్షరం నాకు తెలిసిందన్న సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

నాన్నకు మూడెకరాల బత్తాయి తోట. తెగులు వచ్చి సగం చెట్లు ఎండిపోయిన ఏడాది అమ్మ పుస్తెలతాడు తాకట్టుకు వెళ్లింది. “తోటను నమ్ముకుని నేను పడ్డది చాలు, నువ్వు నెల జీతాన్ని నమ్ముకో” అంటాడు. ఆ మాటకు ఎదురు చెప్పడానికి నాకు నోరు రావడం లేదు.

మిర్యాలగూడ అక్క:

చెల్లీ, నేను నీ వయసులో ఎమ్మే తెలుగు చదవాలనుకుని ఇంజనీరింగులో చేరాను. తొమ్మిదేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఇంటి అప్పు తీరింది, తమ్ముడి చదువు అయింది. అందుకు నాకు విచారం లేదు. మీ నాన్న భయాన్ని చిన్నది చేసి చూడకు.

అయితే “ముందు ఉద్యోగం రానీ, తర్వాత నీకు నచ్చింది చదువుకో” అని ఎవరైనా అంటే మాత్రం నమ్మకు. మొదటి జీతంతో భారతం సంపుటాలు కొన్నాను. ఆదిపర్వంలో నలభయ్యో పేజీ దగ్గర పెట్టిన బస్సు టికెట్ ఇంకా అక్కడే ఉంది. రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరేవాళ్లకు ‘తర్వాత’ దొరకదు.

పాలమూరు మాస్టారు:

అమ్మా, నేను డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లు చరిత్ర చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నాను. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

చేదు మాట ముందే చెబుతాను. ఈ విద్యలో ఉద్యోగాలు తక్కువ. కేంద్ర పురావస్తు శాఖ వారి శాసన విభాగం మైసూరులో ఉంది, సంస్కృత, ద్రావిడ భాషా శాసనాలు అక్కడే చూస్తారు. అలాంటి చోటికి చేరాలంటే బీఏ సరిపోదు, ఎమ్మే కావాలి, ఆపైన భాష కావాలి. మన ప్రాంతాన్ని కల్యాణి చాళుక్యులు ఏలినందువల్ల ఇక్కడ చాలా శాసనాలు కన్నడంలో ఉన్నాయి. దానశాసనం చివర, ఆ దానాన్ని లాక్కున్నవాళ్లను శపించే శ్లోకం తరచు సంస్కృతంలో ఉంటుంది. తెలుగు మీద ప్రేమతో మొదలుపెట్టి కన్నడ, సంస్కృతాల దగ్గర ఆగిపోయిన విద్యార్థులను చూశాను.

కంప్యూటర్ చదువు ఈ పనికి శత్రువు అనుకోకు. అరిగిన రాయిని వేర్వేరు కోణాల నుంచి వెలుగు వేసి పదుల కొద్దీ ఫోటోలు తీసి, వాటిని కంప్యూటర్‌లో కలిపి, కంటికి ఆనని అక్షరాలను పైకి తేల్చే పద్ధతులు వచ్చాయి. మా వైపు కూడవెల్లి సంగమేశ్వరాలయం శ్రీశైలం నీళ్లలో మునిగిపోకుండా రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. అందులో ఇంజనీర్ల చెయ్యి లేదా? నువ్వు ఏ సీటు తీసుకున్నా సరే, కన్నడ అక్షరాలు మాత్రం ఈ వారమే మొదలుపెట్టు.

ఇంకొక పని చెయ్యి. చీకటి పడ్డాక మీ దగ్గరలోని శాసనం దగ్గరికి నాన్నను తీసుకుని వెళ్లు. టార్చిని ఎదురుగా పట్టవద్దు, రాతికి పక్క నుంచి పట్టాలి. సుద్ద, పిండి రుద్దవద్దు, రాయి పాడవుతుంది. ఒక గంట కూర్చుని ఒక్క పంక్తి రాసుకో. ఆ గంట నీకు ఎలా గడిచిందో నాకు రాయి.

పానగల్లు దారి:

మాస్టారూ, నిన్న రాత్రి వెళ్లాం. మా ఊరి చెరువు కట్ట మీద, తూము పక్కన ఒక రాయి ఉంది. నాన్న టార్చి పట్టుకున్నాడు. వెలుగు పక్క నుంచి పడగానే, పగలు బల్లపరుపుగా కనిపించే రాయి మీద అక్షరాలు నీడలతో సహా లేచాయి. రెండు గంటల్లో ఏడు అక్షరాలు వచ్చాయి. ‘మర్తు’ అని చదివి, మర్తురు అంటే పాతకాలం భూమి కొలత అని చెప్పాను. నాన్న టార్చి దించకుండా, “అంటే ఇది భూమి కాగితమా? ఎన్ని మర్తుర్లు? ఎవరికి ఇచ్చారు?” అని అడిగాడు. తెలియదన్నాను. తెలియాలంటే ఎన్నేళ్లు చదవాలని అడిగితే, ఎమ్మే దాకా ఐదేళ్లని చెప్పాను. అప్పుడే దోస్త్ సంగతి కూడా చెప్పేశాను. “బత్తాయి కాపుకొచ్చేదీ అప్పటికే” అన్నాడు, ఇంకేమీ అనలేదు.

అక్కా, మీరు రాసింది నాన్నకు చదివి వినిపించాను. ఫీజు డబ్బు ఇంకా కట్టలేదు, శుక్రవారం రాత్రి కూర్చుని మాట్లాడుకుందామన్నాడు.

మాస్టారూ, ‘మర్తు’ తర్వాతి అక్షరం దగ్గర రాయి పెచ్చు ఊడింది. అది ‘రు’ అవునో కాదో తేల్చుకోలేకపోతున్నాను. ఫోటో పెడుతున్నాను, ఒక్కసారి చూడండి.