వద్దన్న మనిషి పేరే అవార్డుకా?

మోదుగుపూలు:
చాన్నాళ్లుగా అడగాలనుకుంటున్నా. 1995లో వచ్చిన ‘ఒరేయ్ రిక్షా’లో ‘మల్లెతీగకు పందిరి వోలె’ పాటకి నంది అవార్డు ఇస్తామంటే ప్రజాగాయకుడు గద్దర్ నాకొద్దు పొమ్మన్నాడు. ఆ నందుల స్థానంలో తెలంగాణ ప్రభుత్వం ఇప్పుడిచ్చే సినిమా అవార్డులకు ఆయన పేరే పెట్టారు. 2024 జనవరి 31న జయంతి సభలో ప్రకటించారు, 2025 జూన్‌లో పంచేశారు కూడా. నాకైతే ఇది గౌరవంలా లేదు, పోయినవాడు కాదనలేడు కదా అని చేసినట్టుంది.

సెకండ్ షో:
95 దగ్గరే ఆగిపోతే ఎలా అండీ. ‘మా భూమి’లో తెర మీద కనిపించి మరీ ‘బండెనక బండి గట్టి’ పాడింది ఎవరు? (రాసింది బండి యాదగిరి, అది కూడా చాలామంది గద్దర్ ఖాతాలోనే వేసేస్తారు, అది వేరే గొడవ.) సినిమా ఆయనకు అంటరానిదేం కాదు. ఎన్నికలు బూటకమన్న నక్సలైట్ ఉద్యమంలో పాడిన మనిషి 2018లో మొదటిసారి ఓటేశాడు, 2023లో పార్టీ పెడతానని బయల్దేరాడు. ఆయన మారాడు, మీరే మారలేదు.

రైలుకట్ట:
మారడం సరే, ఒకటి చెప్పండి. 1997 ఏప్రిల్ 6న ఇంటి దగ్గరే కాల్చారు, ఒక తూటా చచ్చేదాకా ఒంట్లోనే ఉంది. అది పోలీసుల పనేనని ఆయన అంటూనే ఉన్నాడు. 2023 ఆగస్టులో ఆయన అంత్యక్రియలప్పుడు, అల్వాల్‌లో ఆయన పెట్టిన బడి ఆవరణలో అదే పోలీసులు తుపాకులు పేల్చి వందనం చేశారు. టీవీలో చూస్తూ ఏడవాలో నవ్వాలో తెలియలేదు నాకు.

ఖాకీ ఇంటోడు:
మా ఇంట్లో ఆ రోజు టీవీ కట్టేశాం. నక్సలైట్ల చేతిలో పోయిన కానిస్టేబుళ్ల ఇళ్లల్లో ఆ పాటలు ఎలా వినిపిస్తాయో ఎవరూ అడగరు. గొంతు గొప్పదే, కాదనను. కానీ ప్రభుత్వం పేరు పెట్టిందంటే మా తరఫున కూడా పెట్టినట్టేగా?

మోదుగుపూలు:
ఖాకీ ఇంటోడు గారూ, మీ మాటకు నా దగ్గర జవాబు లేదు, నిజంగా. సెకండ్ షో గారు అన్న ఓటు సంగతి మాత్రం ఒప్పుకోను. ఓటు ఆయన నడిచెళ్లి వేసింది, పార్టీ ఆయన అనుకున్నది. తప్పో ఒప్పో ఆయనదే. ఈ అవార్డు ఆయన్ని అడిగి పెట్టింది కాదు. సరే, రేపు ఒక పాటగాడు స్టేజీ మీదే ‘ఈ గద్దర్ అవార్డు నాకొద్దు’ అన్నాడనుకోండి. గద్దర్ దారిలో నడిచాడంటారా, గద్దర్‌ని అవమానించాడంటారా?

సెకండ్ షో:
దారిలో నడిచాడనే అంటా. ముందు అలాంటి పాట ఒకటి రాయమనండి.