ధనావేశం, రుణావేశం: ఎక్కువ ఉన్నవాడు అప్పులవాడెలా అయ్యాడు?

ప్రశ్న: మా అబ్బాయికి ఫిజిక్స్ చెబుతుంటే సందేహం వచ్చింది. ఎలక్ట్రాన్లు ఎక్కువ చేరిన వస్తువుది రుణావేశం అంటాం, తగ్గినదానిది ధనావేశం. ఎక్కువ ఉన్నవాడికి రుణమేమిటండీ? తెలుగు చేసినవాళ్లు తిరగేశారా?

జవాబు: వాళ్ల తప్పేం లేదండీ. నన్నడిగితే పాజిటివ్, నెగెటివ్ కన్నా మన ధనం, రుణమే అసలు భావానికి దగ్గర.

ఈ లెక్క బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ది. 1706లో బోస్టన్‌లో పుట్టాడు. తండ్రి కొవ్వొత్తులు, సబ్బులు చేసేవాడు. పదేళ్లకే బడి మానేసి, తర్వాత అన్న ప్రెస్సులో పనికి కుదిరి, 17వ ఏట ఫిలడెల్ఫియాకు పారిపోయాడు. అక్కడ సొంత ప్రెస్సు, పత్రిక పెట్టి బాగా సంపాదించాడు. 1748లో రోజువారీ వ్యాపారం భాగస్వామికి అప్పజెప్పేనాటికే విద్యుత్తు పిచ్చి బాగా పట్టేసింది.

1747లో లండన్‌లోని పీటర్ కాలిన్సన్‌కు రాసిన ఉత్తరంలో ఒక ప్రయోగం ఉంది. విద్యుత్తు నేలలోకి పోకుండా ఇద్దరు మైనం మీద నిలబడతారు. ఒకడు గాజు గొట్టాన్ని రుద్దుతాడు, రెండోవాడు దానికి వేలు పెట్టి విద్యుత్తు తీసుకుంటాడు. నేలమీద నిలబడ్డ మూడోవాడు ఈ ఇద్దరిలో ఎవరి దగ్గరికి వేలు తెచ్చినా నిప్పురవ్వ వస్తుంది. ఆ ఇద్దరూ ఒకరినొకరు ముట్టుకుంటే రవ్వ ఇంకా పెద్దది. ఆ తర్వాత ఇద్దరిలోనూ ఏమీ మిగలదు! అంటే కొత్తగా ఏదీ పుట్టలేదు, ఒకడి దగ్గర తగ్గిందే ఇంకొకడి దగ్గర పెరిగింది. పెరిగినవాడు ప్లస్, తగ్గినవాడు మైనస్ అన్నాడు. జమాఖర్చులు రాసుకునే వ్యాపారి బుర్ర మరి. మనకేమో 628లోనే బ్రహ్మగుప్తుడు సంఖ్యలకు ధనం, రుణం అని వాడేశాడు, కాబట్టి మాట వెతుక్కునే పనే లేదు.

మీ అబ్బాయి ఇబ్బంది వేరేచోట ఉంది. విద్యుత్తు ఒక ద్రవంలాంటిదని ఫ్రాంక్లిన్ అనుకున్నాడు. రుద్దినప్పుడు ఆ ద్రవం చేతిలోంచి గాజులోకి పోతుందో, గాజులోంచి చేతిలోకి వస్తుందో కంటికి కనబడదు. గాజులోకే పోతుందని ఫ్రాంక్లిన్ ఊహించాడు. 1897లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను కనిపెట్టాక తేలిందేమిటంటే, పట్టుగుడ్డతో రుద్దితే గాజు ఎలక్ట్రాన్లను పోగొట్టుకుంటుంది. అప్పటికి 150 ఏళ్లుగా గాజుదే ప్లస్. పుస్తకాలన్నీ ఎవరు మారుస్తారు? అలా ఎలక్ట్రాన్లకు మైనస్ మిగిలింది, అవి ఎక్కువ ఉన్నవాడు రుణంలో పడ్డాడు.

మరొకరు: బ్యాటరీ అన్న మాట కూడా ఆయనదేనా మాస్టారూ? మా ఊళ్లో టార్చిలైటునే బ్యాటరీ అంటారు.

జవాబు: విద్యుత్తుకు వాడింది ఆయనేనండీ. సైన్యంలో ఫిరంగుల వరుసను బ్యాటరీ అనేవారు. 1749 ఉత్తరంలో, 11 కిటికీ గాజు పలకలకు రెండువైపులా పల్చటి సీసం రేకులు తొడిగి కలిపినదానికి ఆ పేరు పెట్టాడు. ఇప్పటి లెక్కలో అది ఆవేశాన్ని నిలవ ఉంచే కెపాసిటర్. రసాయనాలతో పనిచేసేది 1800లో వోల్టా చేశాడు, పేరు దానికి అంటుకుంది.

ఆ వరుస అన్న అర్థం, బ్యాటరీకి మన తెలుగు మాటైన ఘటమాలలో చక్కగా నిలిచింది. ఒక్క పెన్సిల్ సెల్లు మాత్రం వట్టి ఘటమే. ఆ మాటకొస్తే దాన్ని బ్యాటరీ అనడమూ కుదరదు, కానీ ఇంగ్లీషువాళ్లే పట్టించుకోవడం మానేశారు.