పిప్ చేసినదాన్ని సమర్థించగలమా? ‘యాజ్ గుడ్ యాజ్ డెడ్’ ముగింపుపై చర్చ

నిదానపు పాఠకురాలు:

ముందుగా ఒక హెచ్చరిక. మొదటి, మూడో పుస్తకాల రహస్యాలు రెండూ ఇక్కడ బయటపడతాయి. చదవబోయేవారు దయచేసి ఇక్కడే ఆగండి.

హోలీ జాక్సన్ రాసిన మూడు నవలలనూ నిన్న రాత్రితో పూర్తి చేశాను. 2019లో వచ్చిన ‘ఎ గుడ్ గర్ల్స్ గైడ్ టు మర్డర్’తో మొదలై 2021లో ‘యాజ్ గుడ్ యాజ్ డెడ్’తో ముగిసిన వరుస ఇది. ముగింపు నన్ను నిద్రపోనివ్వలేదు.

కథ మరచినవారి కోసం క్లుప్తంగా చెబుతాను. ఇంగ్లండులో లిటిల్ కిల్టన్ అనే కల్పిత ఊరు. ఆండీ బెల్ అనే అమ్మాయిని ఆమె ప్రియుడు సాల్ సింగ్ చంపి, తానూ ప్రాణం తీసుకున్నాడని ఐదేళ్లుగా ఊరంతా నమ్ముతోంది. పదిహేడేళ్ల పిప్‌కు ఆ నమ్మకం కుదరలేదు. బడి ప్రాజెక్టు పేరుతో తవ్వడం మొదలుపెట్టి, సాల్ తమ్ముడు రవితో కలిసి నిజం బయటపెట్టింది. సాల్‌ను చంపి, ఆత్మహత్యలా కనబడేలా చేసి, ఆండీ హత్యను అతని మీదికి నెట్టింది పిల్లలందరూ గౌరవించే ఒక ఉపాధ్యాయుడు.

మూడో పుస్తకంలో వరుస హంతకుడు జేసన్ బెల్ పిప్‌ను ఎత్తుకుపోతాడు. అతను ఆండీ తండ్రి. పిప్ తప్పించుకుంటుంది. పారిపోయే దారి ఎదురుగా ఉన్నా వెనక్కి వచ్చి సుత్తితో అతన్ని చంపుతుంది. ఆ తర్వాత రవి, మరికొందరు స్నేహితుల సాయంతో ఆ హత్యను మాక్స్ హేస్టింగ్స్ మీద వేస్తుంది. మాక్స్ అమ్మాయిలకు మత్తుమందు ఇచ్చి అత్యాచారాలు చేసినవాడు, రెండో పుస్తకంలో కోర్టు నిర్దోషి అని వదిలిపెట్టినవాడు.

నాకు హత్యతో పేచీ లేదు. ముఖానికి టేపు చుట్టి చంపబోయినవాడిని ఆ అమ్మాయి చంపితే నా జాలంతా ఆమె మీదే. నా బాధ పుస్తకం రెండో సగంతో. సాల్‌ను ఎలా ఇరికించారు? అతను రాయని ఒప్పుకోలును అతని ఫోను నుంచే పంపారు. మాక్స్‌ను ఎలా ఇరికించారు? మత్తులో పడేసి, అతని వెంట్రుకలూ బూట్లూ ఫోనూ వాడుకున్నారు. పద్ధతి అదే. పైగా ఈ పథకంలో పక్కన నిలబడినవాడు రవి. చేయని హత్య మోపితే ఒక కుటుంబం ఎలా కూలిపోతుందో ఐదేళ్లు ఇంట్లోనే చూసినవాడు.

మొదటి పుస్తకంలో పిప్ అన్నీ రాసిపెట్టింది. ఎవరు ఎప్పుడు ఎక్కడ ఉన్నారు, ఎవరు అబద్ధమాడారు, తనకు ఇష్టమైనవాళ్ల మీద తనకే కలిగిన అనుమానాలు, అన్నీ ప్రాజెక్టు నివేదికలో ఉన్నాయి. మూడో పుస్తకంలో ఆ అమ్మాయి పనంతా తుడిచెయ్యడం, కాల్చెయ్యడం. ఆ మార్పును నేను క్షమించలేకపోతున్నాను.

రెండుసార్లు చదివినవాడు:

మీ బాధ అర్థమైంది. కానీ మీరు ఒక అధ్యాయాన్ని పూర్తిగా దాటేశారు. పిప్ ముందు పోలీసుల దగ్గరికే వెళ్లింది. ఇంటి ముందు సుద్దతో తల లేని బొమ్మలు, తల తెంచిన పావురాలు, నువ్వే మాయమైతే నిన్నెవరు వెతుకుతారని అడిగే సందేశాలు. అన్నీ హాకిన్స్ అనే అధికారి ముందు పెట్టింది. ఆయన పట్టించుకోలేదు. అదే సమయంలో జేసన్ చేసిన హత్యలకు బిల్లీ కరాస్ అనే అమాయకుడు జైల్లో ఉన్నాడు, అదీ గంటల తరబడి ప్రశ్నించి రాబట్టిన ఒప్పుకోలు ఆధారంగా. మాక్స్‌ను వదిలేసింది ఆ వ్యవస్థే. అటువంటి వ్యవస్థ చేతికి తన ప్రాణం అప్పగించలేదని పిప్‌ను తప్పుపట్టగలమా?

మరో మాట. ఈ పిప్ మొదటి పుస్తకంలోని పిప్ కాదు. రెండో పుస్తకం చివర తన కళ్లముందే ఒక మనిషి తూటాలకు బలయ్యాడు. ఆ రక్తం చేతుల మీద ఇంకా ఉన్నట్టే ఆమెకు అనిపిస్తుంది. నిద్ర కోసం దొంగచాటుగా మాత్రలు కొంటుంది. ‘మంచి అమ్మాయి’ అని పేరు పెట్టి మొదలుపెట్టిన రచయిత్రి, ఆ పేరు ఎంత బరువో చివరిదాకా మోయించి చూపింది. మీరు వైరుధ్యం అంటున్నదే ఈ వరుసలోకెల్లా ధైర్యమైన ఎంపిక అని నా నమ్మకం.

న్యాయవిద్యార్థి:

ఇద్దరి మాటల్లోనూ రానిది ఒకటి చెప్పాలి. ఇంగ్లండు చట్టంలో ఆత్మరక్షణ అంటే, మనిషి తాను నమ్మిన పరిస్థితుల్లో సమంజసమైన బలం వాడటం. 2008 నాటి చట్టం 76వ సెక్షన్ దీన్ని స్పష్టం చేసింది. తప్పించుకున్నాక వెనక్కి రావడం ఆ వాదనను బాగా బలహీనపరుస్తుంది. ఆ లెక్కన, ఆత్మరక్షణ అంటే ఎవరూ నమ్మరన్న పిప్ భయం నిజమైనదే.

కానీ 2009లో మరో చట్టం వచ్చింది. పాత ‘రెచ్చగొట్టడం’ అనే వాదన స్థానంలో ‘అదుపు కోల్పోవడం’ అనే దాన్ని తెచ్చింది. తీవ్రమైన హింస జరుగుతుందన్న భయంతో మనిషి అదుపు కోల్పోయి చంపితే, నేరం హత్య స్థాయి నుంచి తగ్గుతుంది. అదుపు కోల్పోవడం ఆ క్షణంలోనే జరగాలన్న నియమం కూడా లేదు. ఆలోచించి పగ తీర్చుకున్నవారికి మాత్రం ఇది వర్తించదు. హత్యకు అక్కడ జీవిత ఖైదు తప్పనిసరి. నేరం తగ్గితే శిక్ష న్యాయమూర్తి విచక్షణకు వస్తుంది. చేతులకూ ముఖానికీ టేపు గుర్తులతో, జేసన్ తనను బంధించిన గోదాములోనే నిలబడి ఆమె ఆ రాత్రే పోలీసులను పిలిచి ఉంటే, వాదించడానికి చాలా ఉండేది. తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. మూసుకుపోయిందని పిప్ నమ్మింది, రచయిత్రి మన చేత కూడా నమ్మించింది.

శవాన్ని కారు ఏసీతో చల్లబరిచి, అది బిగుసుకుపోయే వేగాన్ని తగ్గించి, మరణం ఆలస్యంగా జరిగినట్టు చూపడం మొదలైన క్షణం నుంచి మాత్రం ఆ తలుపు నిజంగానే మూసుకుపోయింది.

బడి గ్రంథాలయం నుంచి:

నా దగ్గర ఈ పుస్తకాలు తీసుకెళ్లేది పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలు. తిరిగి ఇచ్చేటప్పుడు నేను ఒక్క ప్రశ్నే అడుగుతాను: మాక్స్‌కు శిక్ష పడినప్పుడు నీకేమనిపించింది? ‘సంతోషం’ అని వెంటనే చెప్పినవాళ్లు ఉన్నారు. సమాధానం చెప్పలేక పుస్తకాన్ని బల్లమీద అటూ ఇటూ జరుపుతూ నిలబడినవాళ్లూ ఉన్నారు. పిల్లల చేతికి ఇవ్వకూడని పుస్తకమని నేననను.

రెండుసార్లు చదివినవాడు:

న్యాయవిద్యార్థి గారూ, చట్టం గురించి మీరు చెప్పినది నాకు తెలియదు, కృతజ్ఞతలు. అయినా ఆ రాత్రి, ఆ స్థితిలో ఉన్న పద్దెనిమిదేళ్ల అమ్మాయికి సెక్షన్లు గుర్తుకు రావాలని కోరడం ఎక్కువే. పైగా పిప్ మూల్యం చెల్లించింది. మాక్స్ తీర్పు వచ్చేదాకా రవినీ స్నేహితులనూ వదిలి ఒంటరిగా బతికింది. అతను బయటపడితే తానే ఒప్పుకోవాలని సిద్ధపడింది కూడా.

నిదానపు పాఠకురాలు:

ఆ ఒంటరితనం చదువుతూ నేనూ ఏడ్చాను. కానీ ఆ మూల్యం ఎవరి కోసమో చూడండి. రవికీ స్నేహితులకూ ముప్పు రాకుండా ఉండటం కోసం. మాక్స్ ఈ ఒక్క నేరం చేయలేదన్న సంగతికి ఆమె చెల్లించినది నాకు కనబడలేదు. అతను దుర్మార్గుడే. చేసిన అత్యాచారాలకు జైలుకు వెళ్లి ఉంటే నేను చప్పట్లు కొట్టేదాన్ని. ఆ అమ్మాయిలకు కోర్టులో దక్కని మాట ఈ తీర్పుతో దక్కిందా? అతను జైల్లో ఉన్నది జేసన్ బెల్ పేరు మీద. వాళ్లకు చేసిన ద్రోహం కాగితం మీద నిర్దోషిత్వంగానే మిగిలింది.

మొదటి పుస్తకంలో స్థానిక విలేకరి ఒకరు సాల్ గురించి మాట్లాడుతూ అతని భారతీయ మూలాలను ఎత్తిచూపే చోటు ఉంది. ‘అలాంటివాడు చేసే ఉంటాడు’ అని ఊరు ఎంత సులువుగా అనుకుందో అక్కడ చదివి నాకు ఒళ్లు మండింది. మూడో పుస్తకంలో మాక్స్ విషయంలో పిప్, రవి నమ్ముకున్నది ఆ మాటనే. ఈసారి అది మాక్స్ విషయంలో న్యాయంగా అనిపిస్తుంది, తేడా అంతే.

చివరి పుటలో రవి నుంచి సందేశం వస్తుంది. నేను చూడాలనుకున్న పుట దానికి ముందుది. తీర్పు విన్న రోజున రవి ఇంటికి వెళ్లి, అన్న గది తలుపు తీసి నిలబడే పుట. అతను లోపలికి అడుగుపెడతాడో లేదో నాకు తెలియాలి.