తానాకు మట్టి పీఠం మీద ఉన్నది దూడా, గుర్రమా?

ప్రశ్న (అనంతపురం):
సండే స్కూల్లో ఇశ్రాయేలు రాజు యరొబాము బేతేలు, దానుల్లో నిలబెట్టిన బంగారు దూడల పాఠం చెప్తూ, ఇశ్రాయేలు దేశపు పాత ఊరు తానాకులో 1968లో దొరికిన పూజా మట్టి పీఠం ఫోటో చూపించాను. క్రీ.పూ. 10వ శతాబ్దానిది, నాలుగు అంతస్తులు. అడుగున బట్టల్లేని స్త్రీ రెండు సింహాల చెవులు పట్టుకుని ఉంటుంది (ఆ భాగం చేత్తో మూశాను లెండి). దాని పైన ఖాళీ సందు, అటూ ఇటూ రెక్కల జంతువులు. ఆపైన చెట్టు, దాన్ని మేస్తున్న రెండు మేకలు, పక్కన మళ్లీ సింహాలు. అన్నిటికన్నా పైన ఒక జంతువు, దాని మీద రెక్కల సూర్యబింబం. ఒక పిల్లాడు "అక్కా, అది గుర్రం" అన్నాడు. నాకేమో దూడలాగే ఉంది. ఎవరు రైటు?

జవాబు (కడప):
దూడే మేడమ్. లేపాక్షి బసవన్నను చూస్తే శివుడు గుర్తుకొచ్చినట్టే, బేతేలు దూడను చూస్తే దాని మీద కంటికి కనపడని యెహోవా ఉన్నాడనుకునేవాళ్లు. అదే దేశంలో దోతాను అనే ఊరి దగ్గర కొండ మీద కంచు ఎద్దుబొమ్మ కూడా దొరికింది, 18 సెంటీమీటర్లది.

జవాబు (కర్నూలు):
అంత తొందరెందుకన్నా? బసవన్న ఎవరి వాహనమో ఊరంతా చెప్తుంది. ఈ పీఠం మీద ఒక్క అక్షరం లేదు. పై జంతువుకు కొమ్ములూ లేవు. గిట్టలు, తోక చూసి గుర్రమనే పండితులున్నారు. యూదా రాజులు సూర్యునికి ప్రతిష్ఠించిన గుర్రాలను యోషీయా రాజు తీసేశాడని బైబిల్లో రెండో రాజులు 23లో ఉంది కదా. పైన సూర్యబింబం కూడా ఉంది కాబట్టి నా ఓటు ఆ పిల్లాడికే. దూడ అనే వాదన తీసిపారేసేది మాత్రం కాదు.

ఇంకో మాట. సింహం కనిపిస్తే చాలు, కనాను దేవత అషేరా అనేస్తారు. మరి సొలొమోను సింహాసనం మెట్ల మీద 12 సింహాలున్నాయే! ఆలయంలో ఇత్తడి పీఠాల మీద సింహాలు, ఎద్దులు, కెరూబులు (రెక్కల జీవులు) కలిసే ఉన్నాయి. ఒక్క జంతువును పట్టుకుని దేవత పేరు పెట్టలేం. పక్కన ఏముందో చూడాలి. సీనాయి ఎడారిలోని కుంతిల్లెత్ అజ్రూద్‌లో దొరికిన పాత జాడీ మీద చెట్టు, దానికి ఎగబడే అడవిమేకలు, కింద సింహం ఉన్నాయి. అదే జాడీ మీద "సమరయ యెహోవా, ఆయన అషేరా" పేరున దీవెన రాసుంది. చెట్టు, మేకలు, సింహం మూడూ ఒకచోట ఉంటే అప్పుడు అషేరా మాట ఎత్తొచ్చు.

ప్రశ్న (అనంతపురం):
ఖాళీ సందు సంగతేంటి సార్? కెరూబుల మధ్య ఆసీనుడైన యెహోవా అనుకోవచ్చా?

జవాబు (కర్నూలు):
అలా చదివేవాళ్లున్నారు, వినడానికి బాగుంటుంది కూడా. కానీ ముందువైపు కనిపించేది తలలే, ఆ జంతువుల ఒళ్లు పక్కగోడల మీదికి తిరుగుతాయి. పీఠమే చిన్న గుడిలా కట్టారు. ఆ సందు గుడి వాకిలి కూడా కావచ్చు. పిల్లలకు రెండూ చెప్పండి.