విమ్‌లో ట్యాబ్ కొడితే మెనూలో కిందికి పోవట్లేదు, స్పేసులు పడుతున్నాయి

పైథాన్_పిల్లోడు:
అందరికీ నమస్తే. విమ్ (కోడ్ రాసే ఎడిటర్)లో కంట్రోల్-ఎన్ కొడితే పదాల మెనూ వస్తుంది కదా, అందులో ట్యాబ్‌తో కిందికి దిగేలా విమ్ఆర్‌సీలో (విమ్ సెట్టింగ్స్ ఫైల్) మ్యాప్ (ఏ కీ ఏం చేయాలో చెప్పే లైన్) రాసుకున్నా, ఇన్నాళ్ళూ బానే పనిచేసింది. ఈమధ్య స్నిప్పెట్ల (పొట్టి పదం కొట్టి తెరిచే రెడీమేడ్ కోడ్ ముక్కలు) కోసం అల్టీస్నిప్స్ ప్లగిన్ వేశా, అప్పట్నుంచీ మెనూ తెరిచున్నప్పుడు ట్యాబ్ నొక్కితే మెనూ మాయమైపోయి స్పేసులు పడుతున్నాయి. బాణం కీలతో అయితే కదుల్తోంది. మ్యాప్‌ని ఫైల్లో అట్టడుక్కి జరిపి చూశా, తేడా లేదు. ప్లగిన్ పీకేయడమేనా?

రాత్రి_డ్యూటీ:
కింద "ఇన్సర్ట్ (పేస్ట్)" అని కనబడుతోందేమో చూడు బ్రో. సెట్ పేస్ట్ (బయటి టెక్స్ట్ అతికించేటప్పుడు పెట్టే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే ఇన్సర్ట్ మోడ్ (టైప్ చేసే మోడ్) మ్యాపులేవీ పనిచేయవు.

పాత_టెర్మినల్:
పేస్ట్ అయ్యుండదండీ. అది ఆన్‌లో ఉంటే ఎక్స్‌పాండ్‌ట్యాబ్ (ట్యాబ్ బదులు స్పేసులు వేసే సెట్టింగ్) కూడా ఆఫ్ అయిపోతుంది, స్పేసులు కాదు అసలు ట్యాబ్ క్యారెక్టరే పడేది. మీరు ముందు
:వెర్బోస్ ఐమ్యాప్ <ట్యాబ్>
కొట్టి "లాస్ట్ సెట్ ఫ్రమ్" అన్నచోట ఏ ఫైల్ వస్తుందో చెప్పండి. ట్యాబ్ గొడవ ఏదైనా సరే నేను మొదట చూసేది ఇదే, ఊరికే ప్లగిన్లు ఒక్కోటీ తీసి పెట్టడం టైమ్ దండగ.

పైథాన్_పిల్లోడు:
అల్టీస్నిప్స్ ఫోల్డర్లో ఫైలే వస్తోంది అన్నా, నా విమ్ఆర్‌సీ కాదు.

పాత_టెర్మినల్:
అంతే మరి. విమ్ ముందు విమ్ఆర్‌సీ మొత్తం చదివేసి, ఆ తర్వాత ప్లగిన్ ఫైళ్ళు చదువుతుంది, ఒకే కీకి ఇద్దరు మ్యాప్ పెడితే ఆఖరున పెట్టినోడిదే చెల్లుతుంది, అందుకే మీరు అట్టడుక్కి జరిపినా లాభం లేకపోయింది. అల్టీస్నిప్స్‌కి స్నిప్పెట్ తెరిచే కీ డీఫాల్ట్‌గా ట్యాబే. అక్కడ తెరవడానికి స్నిప్పెట్ లేకపోతే మామూలు ట్యాబ్ పంపేస్తుంది, మీకు స్పేసులు అక్కణ్ణుంచే. విమ్ఆర్‌సీలో ఇది పెట్టి విమ్ మూసి తెరవండి:
లెట్ జి:అల్టీస్నిప్స్‌ఎక్స్‌పాండ్‌ట్రిగ్గర్ = "<సి-జె>"
స్నిప్పెట్‌లో నింపాల్సిన తర్వాతి గడికి దూకడానికి కూడా డీఫాల్ట్ కంట్రోల్-జె నే, రెండూ ఒకటే అయినా అది సర్దుకుంటుంది, వేళ్ళకి కూడా హాయి.

పైథాన్_పిల్లోడు:
ట్యాబ్ దారికొచ్చింది, చాలా థ్యాంక్స్ అన్నా! ఆ ఊపులో షిఫ్ట్-ట్యాబ్‌తో పైకెళ్ళేలా ఇంకో లైన్ కలిపా, అది నొక్కితే ఫైల్లోకి "పమ్‌విజిబుల్() ?" అంటూ అక్షరాలే వచ్చి పడుతున్నాయి 😅

రాత్రి_డ్యూటీ:
హహ, మ్యాప్ రాసే ఐనోర్‌మ్యాప్ పక్కన ఎక్స్‌ప్రెషన్‌కి పొట్టిపేరు <ఎక్స్‌ప్ర్> ఉంటుంది కదా, అది లేదు బ్రో. అది ఉంటేనే మెనూ తెరిచుందా అని లెక్కకట్టి కంట్రోల్-పి (మెనూలో పైకి) పంపాలా వద్దా అని చూస్తుంది, లేకపోతే నువ్వు రాసింది రాసినట్టు టైప్ చేసేస్తుంది.

పైథాన్_పిల్లోడు:
పెట్టా, సెట్ అయింది. ఇదే ట్యాబ్‌ని నార్మల్ మోడ్‌లో (కమాండ్లు ఇచ్చే మోడ్) బఫర్లు (తెరిచిన ఫైళ్ళు) మార్చడానికి కూడా వాడుకోవచ్చా?

పాత_టెర్మినల్:
వద్దండీ బాబూ. మామూలు టెర్మినల్లో ట్యాబ్‌కీ కంట్రోల్-ఐ కీ వెళ్ళే కోడ్ ఒకటే, విమ్‌కి తేడా తెలీదు. కంట్రోల్-ఓ తో ఫైల్లో ఇంతకుముందున్న చోటికి వెనక్కెళ్ళి కంట్రోల్-ఐ తో మళ్ళీ ముందుకి రావడం పోతుంది. బఫర్లకి లీడర్ కీతో (సొంత షార్ట్‌కట్ల ముందు నొక్కే కీ) ఏదైనా కట్టుకోండి.