అప్‌డేట్: కుళాయి ముట్టుకుంటే షాక్ కొట్టడానికి కారణం తెలిసింది

తుప్పు పట్టిన ఇనుప పైపులో కొంత భాగం కోసి ప్లాస్టిక్ పైపు వేశాక కుళాయి ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందని ఇంతకుముందు అడిగాను. మీరు సూచించినట్లు మెయిన్ స్విచ్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించగా, గీజర్ ఎలిమెంట్ నుంచి లీకవుతున్న కరెంటు ఇన్నాళ్లూ ఆ ఇనుప పైపు గుండానే భూమిలోకి పోయిందని, మధ్యలో పడిన ప్లాస్టిక్ ముక్క ఆ దారిని మూసేసిందని తేలింది. అంటే లోపం పాతదే. గీజర్‌కు ఎర్త్ తీగ అసలు కలపనే లేదు (చూసి నాకే నమ్మబుద్ధి కాలేదు). ఎలిమెంట్ మార్చి, విడిగా ఎర్తింగ్ ఇచ్చి, 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు లీకైనా సరఫరాను వెంటనే ఆపేసే ఆర్‌సీసీబీ అమర్చారు. కరెంటు ఆపకుండా పైపు కోసిన ప్లంబర్ తెగిన రెండు కొసలనూ ఒకేసారి పట్టుకుని ఉంటే ఆ కరెంటు ఆయన ఒంటి గుండానే ప్రవహించేది.